కుక్కలకు, పిల్లులకు ఆపరేషన్ మత్తు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమంటే చాలామంది వెనకాడేది కోతకు కాదు, మత్తుకు. "మళ్లీ లేస్తుందా సార్?" అనే అడుగుతారు. ఆ భయం సహజమే. కాకపోతే ఏ మందు వాడారన్న దానికంటే, ఇచ్చే ముందు ఏం చూశారు, ఇచ్చాక పక్కన ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు అన్నదాన్ని బట్టే ప్రాణం నిలుస్తుంది.

అపోహ: కుట్లు పడ్డాయంటే గండం గడిచినట్టే.

వాస్తవం: బ్రిటన్‌లో 2002-2004 మధ్య తీసిన పెద్ద లెక్కలో మత్తు ఇచ్చిన కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం చనిపోయాయి. మన దగ్గర అన్నిచోట్లా అన్ని పరికరాలు ఉండవు, కాబట్టి ఆ అంకెలు మనకు అలాగే వర్తించవు. కానీ ఒకటి గమనించండి: పోయిన కుక్కల్లో దాదాపు సగం, పిల్లుల్లో సగానికి పైగా ఆపరేషన్ అయ్యాకే పోయాయి. అందులోనూ మొదటి మూడు గంటలే ఎక్కువ ప్రమాదం. కాబట్టి తల నిలబెట్టి, పిలిస్తే చూసి, తూలకుండా నాలుగడుగులు వేసేదాకా ఆసుపత్రిలోనే ఉంచండి. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం సగం మత్తులో ఉన్న కుక్కను ఆటోలో తీసుకెళ్తే అది సరిగా రొప్పలేదు, వడదెబ్బ తగులుతుంది. వేసవిలో ఆపరేషన్ పొద్దున్నే పెట్టించుకుని, చల్లబడ్డాక ఇంటికి బయల్దేరండి. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులను ఇంకాసేపు ఉంచాలి.

అపోహ: ముందు రోజంతా పస్తు పెట్టాలి, నీళ్లు కూడా ఇవ్వకూడదు.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు ఆరు గంటలు తిండి ఆపితే సాధారణంగా చాలు. నీళ్లు బయల్దేరేదాకా తాగనివ్వొచ్చు. మరీ ఎక్కువసేపు మాడిస్తే కడుపులోని ఆమ్లం పైకెక్కి అన్నవాహిక పుండవుతుంది. రెండు నెలల్లోపు కూనలకు ఒకటి రెండు గంటలు మించకూడదు, లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. షుగర్ ఉన్న కుక్క అయితే డాక్టర్ చెప్పిన ప్రకారమే.

అసలు చిక్కు "కొంచెం పెరుగన్నమే కదా" అనుకోవడంతో వస్తుంది. మన దగ్గర ఎక్కువగా వాడే జైలాజిన్ అనే మత్తుమందుకు వాంతి తెప్పించే గుణం ఉంది. మత్తులో మింగే శక్తి ఉండదు, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో పిల్లలు రెండు బిస్కెట్లు పెట్టి ఉన్నా సరే, దాచకుండా చెప్పండి. ఆపరేషన్ వాయిదా పడితే పడనీయండి.

అపోహ: చిన్న ఆపరేషనే, ట్యూబూ ఆక్సిజనూ ఎందుకు?

వాస్తవం: కోత చిన్నదైనా మత్తు మత్తే. గొంతులో ట్యూబు ఉంటే ఊపిరి ఆగినా వెంటనే గాలి అందించొచ్చు. ప్రొపొఫాల్ అనే మత్తు ఇంజెక్షన్ వేగంగా ఎక్కిస్తే ఊపిరి ఆగడం మామూలే. అప్పుడు ట్యూబూ ఆక్సిజనూ చేతికందే దూరంలో లేకపోతే క్షణాల్లో పరిస్థితి చేయి దాటుతుంది. నాలుకకు పెట్టే పల్స్ ఆక్సీమీటరులో రక్తంలోని ఆక్సిజన్ 95 శాతం కంటే తగ్గకూడదు. మిషన్ ఉన్నా చిగుళ్ల రంగు, ఊపిరి, గుండె చప్పుడు చూసే మనిషి ఒకరు విడిగా ఉండాలి. కోసే చేతులతోనే ఇదీ చూడటం కుదరదు. మందు మోతాదు కిలోల లెక్కన కాబట్టి కాటా మీద తూచాల్సిందే. ఎనిమిది కిలోల కుక్కను పన్నెండు అనుకుంటే ఒకటిన్నర రెట్లు మందు పోతుంది.

అపోహ: కుక్క హుషారుగానే ఉంది, రక్తపరీక్ష దండగ.

వాస్తవం: మన తీర ప్రాంతంలో పిడుదుల బెడద ఏడాది పొడవునా ఉంటుంది. వాటితో వచ్చే ఎర్లీకియా జ్వరం పైకి కనిపించకుండానే, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లను తగ్గించేస్తుంది. అలాంటి ఆడకుక్కకు గర్భసంచి తీస్తే రక్తం ఆగదు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉంటే, తొందర లేని ఆపరేషన్‌ను ఆపి ముందు జబ్బు నయం చేయాలి. దీనికి వాడే డాక్సీసైక్లిన్ మందు కోర్సు సాధారణంగా నాలుగు వారాలు.

అపోహ: ముసలి కుక్క మత్తుకు తట్టుకోదు.

వాస్తవం: వయసు జబ్బు కాదు. గుండె, కిడ్నీ, లివర్ ఎలా ఉన్నాయో చూసి మందులు, మోతాదు మార్చుకోవాలి.

అపోహ: నెల్లూరు ఎండలకు చలేమిటి?

వాస్తవం: మత్తులో ఒళ్లు వేడిని నిలుపుకోలేదు. ఏసీ గది, స్పిరిట్‌తో తడిసిన పొట్ట, స్టీలు టేబుల్ కలిసి 101-102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాల్సిన ఒంటిని చల్లబరుస్తాయి. పిల్లులు, చిన్న కుక్కలు ఇంకా త్వరగా చల్లబడతాయి. ఒళ్లు చల్లబడితే మందు నెమ్మదిగా విరుగుతుంది, మెలకువ ఆలస్యమవుతుంది. కింద దుప్పటి పరచాలి. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టకుండా పెట్టకండి. మత్తులో ఉన్నది పక్కకు జరగలేదు, చర్మం కాలిపోతుంది.

అపోహ: రాత్రి నొప్పితో మూలిగితే ఇంట్లో ఉన్న మాత్ర వేయొచ్చు.

వాస్తవం: పారాసెటమాల్ అర మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. డాక్టర్ రాసిన నొప్పి మందు ఇంటికి తెచ్చుకోండి. చిగుళ్లు తెల్లబడినా, కుట్ల దగ్గర రక్తం కారుతూనే ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి.