పానగల్ సీసాలో ఎరుపు: గాలి తగిలితే రంగు తయారీ ఆపేదెవరు?

నల్లగొండ పక్కన పానగల్ ఉదయసముద్రం ఒడ్డు నుంచి బురద తెచ్చి, చించిన పాత పేపరు, ఉడికిన గుడ్డు పచ్చసొన కాస్త కలిపి, గాజు సీసాలో పోసి మూత బిగించి కిటికీలో పెట్టాం, మా ఇంటర్ పిల్లలూ నేనూ. మొదట అంతా నలుపే, మూత కదిపితే కుళ్లిన గుడ్డు వాసన. నెల దాటాక ఎండ పడే వైపు మాత్రం బీట్‌రూట్ ముక్క అద్దినట్టు మచ్చలు లేచాయి. అది నాచు కాదు. ఎండతో బతికే ఊదా బ్యాక్టీరియా. మొక్కలు వదిలినట్టు ఇవి ఆక్సిజన్ వదలవు, పైగా వీటిలో చాలా రకాలు గాలి బాగా తగిలితే ఆ రంగు తయారుచేయడమే మానేస్తాయి.

ఎందుకు మానేస్తాయి? 1955లో అమెరికాలో రోజర్ స్టేనియర్ బృందం రోడోబ్యాక్టర్ అనే ఊదా బ్యాక్టీరియాలో ఎర్ర కెరోటినాయిడ్లు, అంటే కణాన్ని కాపాడే రంగులు, లేని ఒక రకాన్ని పరీక్షించింది. వెలుగుంది, గాలి లేదు అంటే బాగానే పెరిగింది. రెండూ కలిస్తే చచ్చిపోయింది. ఆ కాపలా లేనప్పుడు బ్యాక్టీరియోక్లోరోఫిల్ (ఎండను పట్టే రంగు), వెలుగు, ఆక్సిజన్ ఒకచోట చేరితే కణానికి విషమే. 1957లో అదే బృందం ఇంకోటి చూసింది, నాకు బాగా నచ్చేది ఇదే: గాలి పంపగానే కొత్త రంగు తయారీ ఆగిపోయింది, కానీ ఉన్న రంగు చెరగలేదు, కణాలు రెండవుతున్న కొద్దీ పంచుకుని పంచుకుని పలచబడింది. గాలి తీసేస్తే మళ్లీ మొదలు.

అంటే లోపల ఎవరో తూము కట్టేస్తున్నారు, తీస్తున్నారు. మన చెరువుల కింద నీరటి చేసే పనే. జన్యువులకూ అలాంటి నీరటి ప్రోటీన్లు ఉంటాయని 1961లో జాకబ్, మోనో అనే శాస్త్రవేత్తలు చెప్పారు, అయితే వాళ్లు చూసింది మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో. ఊదా బ్యాక్టీరియాలో జన్యువులను ఒకదాన్నుంచి ఇంకోదానికి చేర్చే వైరస్ లాంటి రేణువులను బ్యారీ మార్స్ 1974లో కనిపెట్టాకే ఇక్కడ దారి దొరికింది. ఆ రేణువులతో పటం గీస్తే, రంగుకు, వెలుగు పట్టడానికి కావాల్సిన జన్యువులు చాలావరకు 46 వేల డీఎన్ఏ అక్షరాల ఒక్క ముక్కలో, ఒకే చెరువు ఆయకట్టులా పక్కపక్కనే ఉన్నాయి.

నీరటులు 1990లలో ఒక్కొక్కరే దొరికారు. ఆక్సిజన్ తగ్గితే రెగ్‌బి అనే ప్రోటీన్ రెగ్‌ఎ అనే ఇంకో ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన గుర్తు పెడుతుంది, రెగ్‌ఎ వెళ్లి జన్యువులను తెరుస్తుంది. కట్టేసేది పీపీఎస్ఆర్ అనే ప్రోటీన్. ఆక్సిజన్ ఉన్నప్పుడు అది డీఎన్ఏ మీద గట్టిగా కూర్చుంటుంది, ఇక ఆ జన్యువు చదవడం కుదరదు.

మరి దాన్ని లేపే ప్రోటీన్ ఏది? యాప్‌ఎ. గాలి తక్కువైతే ఇది పీపీఎస్ఆర్‌ను పట్టుకుని డీఎన్ఏ మీద నుంచి తప్పిస్తుంది. 2002లో మసూదా, బాయర్ అనే శాస్త్రవేత్తలు చూపించింది ఏమిటంటే, ఇదే యాప్‌ఎ నీలి వెలుగును కూడా పసిగడుతుంది, వెలుగు పడితే పట్టు వదిలేస్తుంది, పీపీఎస్ఆర్ మళ్లీ వెళ్లి కూర్చుంటుంది. వెలుగు మీద బతికే జీవి వెలుగు చూసి తూము కట్టేయడమేంటి అని పిల్లలు గట్టిగానే అడిగారు. నేను 1955 నాటి ఆ చచ్చిపోయిన కణాలను గుర్తుచేశాను: గాలి ఇంకా కొంచెం మిగిలి ఉండగానే ఎండ పడితే, అప్పుడు రంగు తయారుచేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.