ఆర్లింగ్టన్ కంచు మనిషి ఎవరు? 1865 జనవరి ఉత్తరాల్లో జవాబు

అమెరికాలో ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలోని కాన్ఫెడరేట్ స్మారకం మళ్లీ వార్తల్లోకి వచ్చింది. కాన్ఫెడరేట్ అంటే 1861-65 అంతర్యుద్ధంలో దేశం నుంచి విడిపోయి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల పక్షం. 2023 డిసెంబరులో క్రేన్లు పెట్టి దించిన ఆ కంచు శిల్పాన్ని తిరిగి నిలబెడతామని 2025 ఆగస్టులో రక్షణ మంత్రి పీట్ హెగ్‌సెత్ ప్రకటించారు. అంతకు ముందే ఉత్తర కెరొలైనాలోని సైనిక స్థావరం పేరు ఫోర్ట్ లిబర్టీ నుంచి మళ్లీ ఫోర్ట్ బ్రాగ్ అయింది. ఈసారి ఆ పేరు కాన్ఫెడరేట్ జనరల్ బ్రాక్స్‌టన్ బ్రాగ్‌ది కాదని, రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన మరో బ్రాగ్‌దని ప్రభుత్వం చెప్పింది. ఈ పేర్ల గొడవ కన్నా ఆర్లింగ్టన్ శిల్పం గొడవ లోతైనది. దాని చుట్టూ చెక్కిన బొమ్మల్లో ఒక నల్లజాతి మనిషి ఉన్నాడు. సైనికుల వరుసలో నడుస్తున్నాడు. అతడెవరన్నదే తగువు.

స్మారకాన్ని కాపాడాలనేవారిలో కొందరు అతణ్ని దక్షిణాది సైన్యంలో స్వచ్ఛందంగా పోరాడిన నల్లజాతి సైనికుడిగా చూపిస్తారు. నల్లవాళ్లు కూడా పోరాడారు కాబట్టి ఆ యుద్ధం బానిసత్వం కోసం జరిగింది కాదని అక్కడి నుంచి వాదిస్తారు. శిల్పాన్ని పెట్టించిన వాళ్లు మాత్రం అలా అనలేదు. 1914 జూన్‌లో ఆవిష్కరించినప్పుడు, దాన్ని పెట్టించిన సంఘం నాయకుడు హిలరీ హెర్బర్ట్ దాని చరిత్ర రాసి ప్రచురించాడు. అందులో ఆ మనిషి యువ యజమాని వెంట నడిచే నమ్మకమైన సేవకుడు. పక్కనే ఒక అధికారి తన బిడ్డను నల్లజాతి దాదికి అందిస్తుంటాడు. నూరేళ్ల తరువాత సేవకుణ్ని సైనికుడిగా మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే, అసలు ఆ మనిషిని సైనికుడిగా చేయాలా వద్దా అని దక్షిణాది తనతో తాను కొట్లాడుకున్న చలికాలానికి వెళ్లాలి.

సమ్టర్ కోట మీద తొలి కాల్పులు, గెటీస్‌బర్గ్, లింకన్ విముక్తి ప్రకటన వంటివి పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే కాబట్టి వాటిని ఇక్కడ దాటేస్తున్నాను. 1864 చివరికి దక్షిణాది సైన్యం కరిగిపోతోంది. ఎదుటి పక్షంలో నల్లజాతి సైనికులు వేల సంఖ్యలో ఉన్నారు. యుద్ధం ముగిసేనాటికి యూనియన్ సైన్యంలో, అంటే ఉత్తరాది సైన్యంలో, చేరిన నల్లవాళ్లు దాదాపు 1,80,000 మంది. మనమూ బానిసలకు తుపాకులిద్దామా అన్న ప్రశ్న దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లో బహిరంగంగా లేచింది. అంతకు ఏడాది ముందు, 1864 జనవరి 2న, ఐర్లండ్‌లో పుట్టిన దక్షిణాది జనరల్ పాట్రిక్ క్లెబర్న్ ఇదే ప్రతిపాదన చేస్తే కాన్ఫెడరేట్ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ దాన్ని తొక్కిపెట్టించాడు. మనం పోరాడేది కేవలం బానిసత్వం కోసం కాదని క్లెబర్న్ అందులో స్పష్టంగా రాశాడు. ఆ వాక్యాన్ని నేటి స్మారక సమర్థకులు తరచూ ఎత్తి చూపుతారు. న్యాయమే, ఆ మాట అన్నది నిజం. కానీ ఆ మాట అన్న కాగితం పాతికేళ్ల దాకా వెలుగు చూడలేదు. క్లెబర్న్ ఆ ఏడాది నవంబరులోనే ఫ్రాంక్లిన్ యుద్ధంలో చనిపోయాడు.

1865 జనవరి 8న జార్జియాలోని మేకన్ నుంచి హావెల్ కాబ్ యుద్ధ మంత్రికి ఒక ఉత్తరం రాశాడు. కాబ్ అనామకుడు కాడు. అమెరికా ప్రతినిధుల సభకు స్పీకరుగా, దేశానికి ఆర్థిక మంత్రిగా పనిచేసినవాడు. 1861లో మాంట్‌గొమరీలో కాన్ఫెడరసీకి పునాది వేసిన సభకు అధ్యక్షత వహించినవాడు. అతడి మాటలు ఇవి: "బానిసలను సైనికులుగా చేయలేరు, సైనికులను బానిసలుగా చేయలేరు. వాళ్లను సైనికులుగా చేసిన రోజే ఈ విప్లవం ముగింపుకు మొదలు. బానిసలు మంచి సైనికులవుతారంటే బానిసత్వం గురించి మన సిద్ధాంతమంతా తప్పే."

ఈ యుద్ధం గురించి వచ్చిన పుస్తకాలను గుట్టగా పోసినా ఈ ఒక్క వాక్యం చెప్పినంత సూటిగా చెప్పవని నా నమ్మకం. రాష్ట్రాల హక్కుల కోసమే పోరాటమైతే, స్వాతంత్ర్యమే గమ్యమైతే, ఓటమి అంచున నిలబడ్డవాడికి ఎవరి చేతిలో తుపాకి ఉంటే ఏమిటి? కాబ్‌కు అది పట్టింపే. తన సైన్యం ఓడిపోవడం కన్నా తన సిద్ధాంతం తప్పని తేలడమే అతడికి భయంగా ఉంది.

మూడు రోజుల తరువాత, జనవరి 11న, కాన్ఫెడరేట్ జనరల్ రాబర్ట్ లీ వర్జీనియా రాష్ట్ర సెనేటర్ ఆండ్రూ హంటర్‌కు రాసిన ఉత్తరం కాబ్‌కు విరుద్ధమైన సలహా ఇచ్చింది. శత్రువు మన బానిసలను మన మీదికే తోలక ముందు మనమే వాడుకుందాం, చేరినవారికి స్వేచ్ఛ ఇద్దాం అన్నాడు లీ. అయితే ఆ సలహాకు ముందు ఒక మాట ఉంది. మానవీయ చట్టాల అదుపులో, క్రైస్తవం, వివేకవంతమైన ప్రజాభిప్రాయం ప్రభావంలో నడిచే యజమాని, బానిస సంబంధమే, తెల్ల నల్ల జాతులు ఈ దేశంలో ఇలా కలిసి ఉన్నంత కాలం వాటి మధ్య సాధ్యమైన సంబంధాల్లో ఉత్తమమైనదని రాశాడు. లీ బానిసత్వాన్ని అసహ్యించుకున్నాడని చెప్పేవారు 1856 డిసెంబరులో భార్యకు రాసిన ఉత్తరం నుంచి "నైతికంగా, రాజకీయంగా చెడు" అన్న ముక్కను కోసి చూపిస్తారు. ఆ ఉత్తరంలోనే కాస్త దిగువన, నల్లవాళ్లు ఆఫ్రికాలో కన్నా ఇక్కడే ఎంతో మేలుగా ఉన్నారని, వాళ్లు పడుతున్న బాధాకరమైన క్రమశిక్షణ వాళ్లకు అవసరమేనని ఉంది. ఉత్తరం పూర్తిగా చదివితే ఒక అర్థం, ముక్క చదివితే ఇంకో అర్థం.

పెద్దల మాట సరే, మామూలు సైనికుడు ఏమనుకున్నాడు? ఉత్తర కెరొలైనా సైనికుడొకడు 1865 ఫిబ్రవరిలో ఇంటికి రాశాడు. తాను చేరింది నల్లవాళ్లు స్వేచ్ఛగా తిరిగే దేశం కోసం కాదని, తెల్లవాడి స్వేచ్ఛా దేశం కోసమని, నల్ల సైనికుల పక్కన నిలబడి పోరాడేంతగా తన దేశాన్ని ప్రేమించడం లేదని. ఆకలితో, చిరిగిన బూట్లతో ఉన్న మనిషి రాసిన మాట ఇది. కొన్ని దళాలు దీనికి భిన్నంగా, నల్లవాళ్లను చేర్చుకోవడానికి ఒప్పుకుంటూ తీర్మానాలు చేశాయన్నదీ నిజమే. చివరికి మార్చి 13న చట్టం వచ్చింది. అది ఎవరికీ స్వేచ్ఛ ఇవ్వలేదు. బానిస ఒప్పుకుని, యజమాని విముక్తి పత్రం రాసిస్తేనే చేర్చుకుంటామన్న నిబంధన తరువాత సైనిక ఉత్తర్వులో చేరింది. రిచ్‌మండ్ వీధుల్లో కొద్దిమందికి కవాతు నేర్పారు. ఏప్రిల్ 3న రిచ్‌మండ్ పడిపోయింది, 9న లీ లొంగిపోయాడు. నల్లజాతి కాన్ఫెడరేట్ సైనికులకు చట్టపరంగా ఉన్న ఆయుష్షు నాలుగు వారాలు. అంతకు ముందు శిబిరాల్లో వంట చేసిన, గుర్రాలు కడిగిన, కందకాలు తవ్విన వేలమంది యజమానుల ఆస్తిగా వచ్చినవారు. ఆర్లింగ్టన్ కంచు మనిషి వాళ్లలో ఒకడు.

ఇక్కడ స్మారక సమర్థకుల బలమైన వాదనను కూడా చెప్పుకోవాలి. చరిత్రకారుడు జేమ్స్ మెక్‌ఫర్సన్ 429 మంది దక్షిణాది సైనికుల ఉత్తరాలు, డైరీలు చదివితే, బానిసత్వాన్ని బాహాటంగా సమర్థించినవారు నూటికి 20 మందే తేలారు. ఆ కాలంలో సైనికుల ఉత్తరాలకు సెన్సారు లేదు, దక్షిణాది సైనికుల్లోనూ నూటికి 80 మందికి పైగా రాయగలిగినవాళ్లే. కాబట్టి మిగిలిన 80 శాతం దాని కోసం పోరాడలేదంటారు. కానీ అదే పరిశీలనలో, బానిసత్వం తప్పని రాసిన దక్షిణాది సైనికుడు ఒక్కడూ కనబడలేదు. ఇంటికి రాసే జాబులో మనిషి ఇంట్లో అందరికీ తెలిసినదాన్ని రాయడు. కాళ్ల నొప్పి రాస్తాడు, పొలం ఎలా ఉందని అడుగుతాడు, ఎవరు పోయారో చెబుతాడు. కాగితం దొరకక గోడలకు అంటించే కాగితం మీద రాసిన రోజులవి, వచ్చిన కవరునే తిరగేసి అంటించి మళ్లీ పంపిన రోజులు. ఉన్న చోటంతా క్షేమ సమాచారానికే సరిపోయేది. బానిసత్వం ప్రమాదంలో పడ్డ ఆ చలికాలంలోనే దాని మీద కలాలు కదిలాయి.

యుద్ధం ముగిశాక జ్ఞాపకం మారడం మొదలైంది. కాన్ఫెడరేట్ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానాలో, తమ ప్రభుత్వానికి మూలస్తంభం నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్న సత్యమేనని ప్రసంగించాడు. నాలుగేళ్ల తరువాత జైల్లో డైరీ రాసుకుంటూ, విలేఖరి తన మాటలను సరిగా నమోదు చేయలేదన్నాడు. డైరీ అబద్ధమాడదని అనుకునేవారికి ఈ డైరీ చూపించాలి. దక్షిణ కెరొలైనాకు చెందిన మేరీ చెస్నట్ డైరీ ఇంకో రకం. అచ్చయిన ప్రతిలో, ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు మోగుతుంటే ఇంట్లో పనిచేసే నల్లవాళ్ల ముఖాల్లో ఏ మార్పూ లేకపోవడం చూసి ఆమె ఆలోచనలో పడుతుంది. వీళ్లు మొద్దులా, లేక మనకన్నా తెలివైనవాళ్లై మౌనంగా తమ రోజు కోసం కాచుకున్నారా? అద్భుతమైన ప్రశ్న. అయితే ఆ ప్రతిని ఆమె 1880లలో, యుద్ధ ఫలితం తెలిశాక, తన పాత పుస్తకాలు ముందు పెట్టుకుని తిరగరాసింది. అందుకే నేను యుద్ధం తరువాతి పుస్తకాల కన్నా, ఎవరు గెలుస్తారో తెలియనప్పటి కాగితాలనే నమ్ముతాను.

చెస్నట్ ప్రశ్నకు జవాబు ఆ మౌనం పాటించిన వాళ్లే రాశారు. యూనియన్ పక్షాన పోరాడిన నల్లజాతి దళం మసాచుసెట్స్ 54వ రెజిమెంట్‌లో కార్పొరల్ అయిన జేమ్స్ హెన్రీ గుడింగ్ 1863 సెప్టెంబరు 28న నేరుగా లింకన్‌కే ఉత్తరం రాశాడు. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు. నల్ల సైనికుడికి 10, అందులో బట్టలకు 3 కోత. "మేము సైనికులమా, కూలీలమా?" అని అడిగాడు. జీతాలు సమానం చేస్తూ 1864 జూన్‌లో చట్టం వచ్చింది. గుడింగ్ అప్పటికి కాన్ఫెడరేట్ల ఆండర్సన్‌విల్ చెరలో ఉన్నాడు, జులై 19న అక్కడే చనిపోయాడు.

అన్నిటికన్నా నన్ను పట్టి నిలిపేది స్పాట్స్‌వుడ్ రైస్ ఉత్తరాలు. మిస్సోరీలో బానిస. యజమాని కొడుకే అతడికి చదవడం నేర్పాడు. నేర్చుకున్న చదువుతో విముక్తి వార్తలను తోటి బానిసలకు చదివి వినిపిస్తే యజమాని మండిపడ్డాడు. 1864లో రైస్ యూనియన్ సైన్యంలో చేరాడు. సెప్టెంబరు 3న సెయింట్ లూయిస్ సమీపంలోని బెంటన్ బ్యారక్స్ ఆసుపత్రి నుంచి ఒకే రోజు రెండు ఉత్తరాలు రాశాడు. ఒకటి కూతుళ్లకు: ప్రాణం పోయినా మిమ్మల్ని తెచ్చుకుంటాను, 800 మంది తెల్ల సైనికులు, 800 మంది నల్ల సైనికులు నది మీదుగా మిస్సోరీలోని గ్లాస్గో వైపు బయలుదేరబోతున్నారు, వాళ్లతో వస్తాను. రెండోది కూతురు మేరీని తన ఆస్తిగా పెట్టుకున్న కిటీ డిగ్స్‌కు. నా బిడ్డను ఎంత కాలం ఆపుతావో అంత కాలం నరకంలో కాలతావు అన్నాడు. నా సొంత బిడ్డ కోసం ఒకప్పుడు నీకు నలభై డాలర్లు ఇస్తానన్నాను, నువ్వు తీసుకోనందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది అన్నాడు. స్పెల్లింగులు తప్పులతడక. వాక్యం మాత్రం ఎక్కడా తడబడదు.

ఈ ఉత్తరాలు మనదాకా ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. అవి గ్లాస్గో పోస్ట్‌మాస్టర్ ఎఫ్. డబ్ల్యూ. డిగ్స్ చేతికి వెళ్లాయి. ఈ మనిషిని రాష్ట్రం దాటించండని యూనియన్ జనరల్ రోజ్‌క్రాన్స్‌కు ఫిర్యాదు పంపుతూ, సాక్ష్యంగా ఆ ఉత్తరాలను జతచేశాడు. ఆ ఫిర్యాదుతో పాటే అవి సైనిక దస్త్రాల్లో చేరాయి. తెల్ల సైనికుల ఉత్తరాలను కుటుంబాలు పెట్టెల్లో, బైబిళ్లలో దాచాయి, తరువాత గ్రంథాలయాలకు ఇచ్చాయి. అమ్మకానికి పోయిన కుటుంబానికి పెట్టె ఎక్కడిది? ఒకవైపు ఉత్తరాలు ఎక్కువగా, ఇంకోవైపు తక్కువగా కనబడటానికి ఒక కారణం ఇదే. 1976లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో మొదలైన పరిశోధన బృందం జాతీయ అభిలేఖాగారంలో దస్త్రాలు తిరగేసేదాకా రైస్ లాంటివాళ్ల గొంతు చాలామందికి వినబడలేదు. లెక్కల్లో ఏ పక్షం ఉత్తరాలు ఎక్కువో చూసి తీర్పు చెప్పేవారు ఇది మరిచిపోతారు.

మిస్సోరీ యూనియన్‌లోనే ఉండిపోయిన రాష్ట్రం కాబట్టి లింకన్ ప్రకటన అక్కడి బానిసలకు వర్తించలేదు. రైస్ కూతుళ్లకు చట్టం ప్రకారం స్వేచ్ఛ వచ్చింది ఆ రాష్ట్ర సమావేశం బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 జనవరి 11న. యజమాని, బానిస సంబంధమే ఉత్తమమని లీ హంటర్‌కు రాసినదీ అదే తేదీన.

టెక్సాస్‌లో చదువుకునే మన తెలుగు పిల్లలకు ఈ గొడవ బడి పుస్తకంలోనే ఎదురవుతుంది. 2010లో ఆ రాష్ట్రం ఆమోదించిన పాఠ్య ప్రమాణాల్లో యుద్ధ కారణాలుగా ప్రాంతీయ భేదాలు, రాష్ట్రాల హక్కులు ముందు, బానిసత్వం చివర ఉండేవి. 2018లో బానిసత్వ విస్తరణకు ప్రధాన స్థానం ఇచ్చారు. డాలస్ శివార్లలో పెరిగిన అన్న, చెల్లెలు ఒకే యుద్ధానికి రెండు కారణాలు నేర్చుకుని ఉండవచ్చు.

రైస్ కూతురు మేరీ పెద్దదై, పెళ్లయి, మేరీ బెల్ అయింది. 1937లో సెయింట్ లూయిస్‌లో ఒక ప్రభుత్వ కార్యక్రమం కింద మాజీ బానిసల జ్ఞాపకాలు సేకరిస్తున్నవారు ఆమె ఇంటికి వెళ్లారు. అప్పటికి ఆమెకు 85 ఏళ్లు. తనను కిటీ డిగ్స్ అనే పెళ్లికాని ముసలమ్మ సొంతం చేసుకుందని, తండ్రి వేరే యజమాని దగ్గర ఉండి వారానికి రెండు రాత్రులే ఇంటికి వచ్చేవాడని చెప్పింది. తండ్రి, సోదరుడు, భర్త, కొడుకు అందరూ సైన్యంలో పనిచేసినవాళ్లేనని చెప్పి, "తన హక్కుల కోసం పోరాడే మనిషంటే నాకు ఇష్టం" అంది.