హసన్ నిజంగా ఆవైపోయాడా?

చిరంజీవులైన మనవలకు, తాతయ్య ఆశీస్సులు.

సెలవుల్లో నా పక్కన కూర్చుని చూసిన ‘గావ్’ అనే ఇరాన్ సినిమాలో మష్ద్ హసన్ నిజంగానే ఆవైపోయాడా, లేక నటించాడా అని అడిగారు. గొలామ్ హొసేన్ సాయెదీ పారసీకంలో రాసిన కథను దారియూష్ మెహర్‌జూయీ 1969లో ఆ సినిమాగా తీశారు. సాయెదీ స్వయంగా మానసిక వైద్యుడు. అయినా హసన్ జబ్బుకు సినిమాలో పేరు పెట్టలేదు కనుక నేనూ పెట్టను.

పెరట్లో బీరపాదును చూడండి. దాని నులితీగ అందిన పుల్లనల్లా పట్టుకుని పాకుతుంది. మా నాయనమ్మ గింజ నాటిన నాడే నాలుగు పంగలకర్రలు కొట్టుకురమ్మని నన్ను చెరువుగట్టుకు తోలేది; ఒక్కటి చాలదా అని సణిగితే, గాలికి ఆ ఒక్కటీ పడిపోతే తీగ గతేమిటని గదిమేది. హసన్‌కు ఉన్నది ఒక్క కర్రే. పిల్లలు లేరు. ఊరంతటికీ ఉన్న ఒకే ఒక ఆవు అతనిది, అదీ చూలుతో ఉంది. దాన్ని తానే కడిగేవాడు, దాని కొట్టంలోనే పడుకునేవాడు. అతను ఊళ్లో లేనప్పుడు అది చచ్చిపోయింది. పట్టు దొరకని నులితీగ చివరికి తన చుట్టూ తానే మెలికలు తిరుగుతుంది. హసన్ కూడా అలాగే గడ్డి మేస్తూ, తాను హసన్‌ను కాననీ, హసన్ ఆవుననీ అన్నాడు.

అయితే తీగకు ఎవరూ అబద్ధం చెప్పరు. ఊరివాళ్లు జాలితోనే ఆవును పాడుబడ్డ బావిలో పూడ్చి, అది తప్పిపోయిందని అతనితో చెప్పారు. చనిపోయిందంటే కడుపారా ఏడ్చి ఉండేవాడు. తప్పిపోయిందంటే ఎవరి కోసం ఏడుస్తాడు? దుఃఖంలో ఉన్నవాళ్లకు నిజాన్ని మెల్లగానైనా చెప్పాలి, చెప్పి పక్కన కూర్చోవాలి. ఊరందరూ గుమిగూడి చూస్తున్నా, కొట్టంలో అతను ఒంటరివాడే.

నటించాడా అనే దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆ పాత్ర వేసిన ఎజ్జతొల్లా ఎంతెజామీ కళ్లు చూస్తే, ఆ ప్రశ్న అడగడానికే నాకు నోరు రాదు. హసన్‌ను తాళ్లతో కట్టి పట్నం ఆసుపత్రికి లాక్కెళుతుండగా, వానలో, అంతదాకా అతని మేలే కోరిన ఇస్లాం అనే ఊరివాడు అతన్ని పశువును కొట్టినట్టు కొడతాడు గదా. అంటే ఆ క్షణంలో ఇస్లాంకు కనిపించింది ఎవరు? ఈసారి చూసేటప్పుడు హసన్‌ను వదిలేసి, దెబ్బ పడ్డాక ఇస్లాం ముఖం చూసి, మీకేమనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య