హమాలీకి 25.7, బీడీ కార్మికురాలికి 22.5: బీఎంఐ లెక్క వెనక కథ

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ 165 సెం.మీ. ఎత్తు, 70 కిలోలు అనుకుందాం. కిలోలను మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే, ఎత్తుకు తగిన బరువుందో లేదో చూపే అంకె, బీఎంఐ, 25.7 వస్తుంది. ఆ బరువులో ఎక్కువ కండే అయినా, మన దేశపు లెక్కలో అది ఊబకాయం. జగిత్యాలలో రోజంతా కూర్చుని బీడీలు చుట్టే మహిళ 152 సెం.మీ., 52 కిలోలు, 22.5 వస్తుంది, మామూలే. కానీ ఆమె నడుము 86 సెం.మీ. ఉంటే షుగరు గురించి ముందు అడగాల్సింది ఆమెనే.

ఈ సూత్రం వైద్యుడు కనిపెట్టింది కాదు. 1830లలో బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెటెలె, జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో లెక్కిస్తూ, పెద్దల బరువు దాదాపు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుందని గమనించాడు. రోగం ఆయన లెక్కలోనే లేదు. 1972లో అమెరికన్ శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్ బృందం అయిదు దేశాల్లో ఏడు వేలకు పైగా మనుషుల కొలతలు పోల్చి, ఉన్న సూత్రాల్లో ఇదే కాస్త నయమని తేల్చి, బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది. కొలిచినవాళ్లంతా మగవాళ్లే.

తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అని గీత గీసింది. అది మనకు సరిపోలేదు. 2004లో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ కొలతలే అచ్చేశారు: ఇద్దరికీ బీఎంఐ 22.3, ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. మన కొవ్వు పొట్టలో, అదీ లోపల చేరుతుంది. అందుకే 2009లో భారతీయ నిపుణులు గీతల్ని 23కు, 25కు దించి, నడుము హద్దు మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెం.మీ.గా పెట్టారు. ఊళ్లలో ముప్పై దాటినవాళ్లకు ఆశా కార్యకర్త నింపే ఫారంలో మార్కులు పడేది నడుముకే, బీఎంఐకి కాదు. ఆ నిర్ణయం సరైనదే.

అయితే టేపు కూడా తప్పుతుంది. చీర కుచ్చిళ్ల మీద చుడితే కొలత పెరుగుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ, మామూలుగా ఊపిరి వదిలాక, బట్ట తప్పించి కొలవాలి. ఎత్తు కొలిచేటప్పుడు చెప్పులు, కొప్పు అడ్డు: 58 కిలోల మనిషి ఎత్తు 158కి బదులు 160 అని రాస్తే 23.2 కాస్తా 22.7 అయి గీత కిందికి జారుతుంది. ముసలితనంలో ఎత్తు తగ్గి, కండ కరుగుతుంది. అంకె మాత్రం కదలకపోవచ్చు. గర్భిణులకు, కాళ్లవాపు ఉన్నవాళ్లకు బీఎంఐ పనికిరాదు. పిల్లలకు వయసును బట్టి వేరే పట్టికలు.

బరువు మరీ తక్కువని చెప్పే కింది గీత దగ్గర మాత్రం బీఎంఐ మాట వినాలి. టీబీ రోగికి 18.5 కంటే తక్కువ వస్తే, మందులతో పాటు తిండి సంగతి అదే రోజు చూడాలి.