ఇంజిన్ పని అయ్యాక ట్రాక్టర్ మొరాయిస్తే

ఇంజిన్ సిలిండర్లకు బోరు కొట్టించారు. పిస్టన్లు, రింగులు కొత్తవి వేశారు. సిలిండర్ల పైమూత అయిన హెడ్ కూడా బాగుచేయించారు. ఇంత చేశాక పాత ట్రాక్టరైనా ఒక్క సెల్ఫుకే అందుకోవాలి కదా! అందుకోదు. బరువుగా తిరుగుతుంది, సైలెన్సర్లోంచి తెల్ల పొగ తేలుతుంది, ఈలోగా బ్యాటరీ దిగిపోతుంది. వెంటనే హెడ్ మళ్లీ ఊడదీయాలనిపిస్తుంది. ఆగండి. తప్పు చాలాసార్లు ఇంజిన్ బయటే, పని కోసం విప్పి మళ్లీ బిగించిన చోటే ఉంటుంది.

డీజిల్ ఇంజిన్లో స్పార్క్ ప్లగ్ ఉండదు. 1897లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజిన్ నుంచి పద్ధతి ఒక్కటే: గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకోవాలి. 27 డిగ్రీల గాలిని పదిహేడో వంతుకు నొక్కితే, వేడి ఎటూ పోదనుకుంటే, లెక్క ప్రకారం 650 డిగ్రీలు దాటుతుంది. కానీ చల్లటి ఇంజిన్లో వేడి పోకుండా ఉండదు. సిలిండర్ గోడలు లాగేస్తాయి, రింగుల పక్కనుంచి కొంత గాలి జారిపోతుంది. ఇవి రెండూ ఎంత జరుగుతాయన్నది ఇంజిన్ తిరిగే వేగం మీద ఆధారపడి ఉంటుంది. నిమిషానికి 200 చుట్లు తిరిగితే పిస్టన్ కింది నుంచి పైకి రావడానికి 0.15 సెకను పడుతుంది. 100 చుట్లే తిరిగితే ఆ టైం రెట్టింపు, వేడి పోయే అవకాశమూ ఎక్కువే. పైగా కొత్త రింగులు, బేరింగులు బిగువుగా ఉంటాయి కాబట్టి సెల్ఫు మోటారుకు మామూలు కంటే ఎక్కువ పని.

అందుకే నేనైతే ముందు బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజిన్‌కు కలిపే ఎర్త్ కేబుల్ చూస్తాను. రిపేరయ్యాక ఇంజిన్‌కు పెయింటు కొట్టడం మామూలే. ఆ పెయింటు మీదే ఎర్త్ బిగిస్తే చూడ్డానికి ఏ లోపమూ కనిపించదు, లైట్లూ వెలుగుతాయి. కానీ సెల్ఫు కొట్టినప్పుడు పారే కరెంటు వందల ఆంపియర్లు. 300 ఆంపియర్లు పారేచోట ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా 12 వోల్టుల్లో 3 వోల్టులు అక్కడే పోతాయి. అంటే ఆ ఒక్క జాయింటు దగ్గరే 900 వాట్లు, ఇంచుమించు ఇస్త్రీ పెట్టె తినేంత, వృథాగా వేడి అవుతోందన్నమాట. పరీక్ష తేలిక. ఇంజిన్ అందుకోకుండా, డీజిల్ ఆపే స్టాప్ లివర్ లాగి పట్టుకుని, మల్టీమీటరు ఒక వైరు బ్యాటరీ నెగెటివ్ బుడిపె మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన ఇనుము తగిలేచోట పెట్టి సెల్ఫు కొట్టించాలి. అర వోల్టు దాటిందంటే విప్పి, లోహం మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించాల్సిందే.

వేగం బాగానే ఉందా? అయితే పొగ చూడాలి. పొగే లేదంటే డీజిల్ లోపలికి వెళ్లట్లేదు. స్టాప్ లివర్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో ముందు చూసుకోవాలి (నవ్వకండి, చాలామందికి జరిగేదే). తర్వాత ఎయిర్. పైపులు విప్పినప్పుడు దూరిన గాలి స్పాంజిలా నలుగుతుంది. పంపు ఎంత నొక్కినా ఆ ఒత్తిడంతా గాలిని నలపడానికే సరిపోతుంది, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకోదు. ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేసి చేత్తో డీజిల్ పంపే హ్యాండ్ ప్రైమర్ కొడితే మొదట నురగ, తర్వాత బుడగలు, చివరికి ఒకే ధారగా డీజిల్ వస్తాయి. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి. ఆ తర్వాత పంపు మీద స్క్రూ, చివరగా నాజిళ్ల దగ్గర నట్లు. నాజిల్ దగ్గర మాత్రం చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది.

తెల్ల పొగ దండిగా వస్తుంటే కథ వేరు. డీజిల్ వెళ్తోంది, అంటుకోవట్లేదు. వాల్వుల గ్యాపు సరిచేసే ట్యాపెట్లు మరీ టైటుగా పెడితే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్, అంటే గాలి నొక్కుడు, పోతుంది. హెడ్ కింద వేసే గ్యాస్కెట్ ఉండాల్సిన దానికన్నా మందంగా ఉన్నా నొక్కుడు తగ్గుతుంది. డీజిల్ పడే సమయం కుదిర్చే పంపు గేరు మార్కు ఒక పన్ను తప్పిందంటే? పంపు గేరుకు 60 పళ్లుంటే ఒక పన్ను 6 డిగ్రీలు. పంపు, పిస్టన్లు తిప్పే క్రాంకు షాఫ్టు వేగంలో సగమే తిరుగుతుంది కాబట్టి క్రాంకు లెక్కలో అది 12 డిగ్రీలు. డీజిల్ అంత ఆలస్యంగా పడితే పిస్టన్ కిందికి దిగడం మొదలై గాలి చల్లబడే సమయానికి గానీ మంట పుట్టదు.

ఈ దశలోనే ఎవరో ఒకరు, ఇంజిన్ గాలి పీల్చే దారిలో కొట్టే ఈథర్ స్ప్రే డబ్బా తెస్తారు. ఈథర్ 160 డిగ్రీల చుట్టుపక్కలే అంటుకుంటుంది కాబట్టి పిస్టన్ పైకి చేరకముందే పేలి ఎదురు తంతుంది. గాలిని వేడిచేసే హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్లో మరీ ప్రమాదం. ‘ఒకసారి కొడితే ఇంజిన్ దానికి అలవాటు పడిపోతుంది’ అంటారు. అలవాటేమీ కాదు. ఆ దెబ్బలకు రింగులు విరిగి, ఉన్న కంప్రెషన్ కూడా పోతుంది, మర్నాడు ఈథర్ లేకుండా అందుకోదు.