త్రోయర్ టార్చిలు, వాటి దారిలో పేటెంట్లు

బాగా దూరం వెలుగు కొట్టే టార్చిలైట్లను వాటి అభిమానులు త్రోయర్లు అంటారు. త్రోయర్లను సొంతంగా తయారుచేసుకునేవాళ్లు ఎంతో ఇష్టపడి వెతికే భాగం ఒకటుంది. దాని పేరు వేవియన్ కాలర్. కాలిఫోర్నియాకు చెందిన వేవియన్ కంపెనీ ఈ పద్ధతికి పేటెంట్లు తీసుకుంది. చూడ్డానికి అది నడినెత్తిన రంధ్రమున్న చిన్న గిన్నెలా ఉంటుంది, లోపలి వైపంతా అద్దం. దాన్ని ఎల్ఈడీ మీద బోర్లిస్తే, పక్కలకు పోయే వెలుగు తిరిగొచ్చి ఎల్ఈడీ మీదే పడుతుంది. అక్కడ ఎల్ఈడీ మీదుండే ఫాస్ఫర్ అనే వెలుగు రంగు మార్చే పూతలో చెదిరి, కొంత భాగం పైరంధ్రం గుండా బయటికొస్తుంది. మొత్తం వెలుగు తగ్గుతుంది కానీ ఎల్ఈడీ ముఖం ఇంకా కాంతివంతమవుతుంది.

దూరానికి కావలసింది అదే. లెన్స్ ఎంత పెద్దదైనా, ఎల్ఈడీ ముఖంలో లేని కాంతిని పుట్టించలేదు. 2009లో అమెరికాలో వచ్చిన ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం వెలుగు 0.25 లక్స్‌కు (లక్స్ అంటే ఒక చోట పడే వెలుగుకు కొలత) పడిపోయే చోటుతో టార్చి దూరం ముగుస్తుంది. టార్చి కిరణం తీవ్రతను క్యాండెలాల్లో కొలుస్తారు, లక్ష క్యాండెలాలకు వచ్చే దూరం సుమారు 632 మీటర్లు. దాన్ని రెట్టింపు చేయాలంటే 4 లక్షలు కావాలి! అందుకే ముఖకాంతిని కాస్త పెంచే ఏ ఉపాయమైనా వీళ్లకు అపురూపం. అభిమానులు కొన్ని కాలర్లు కొనుక్కోగలిగారు. తర్వాత అవి దొరకడం గగనమైంది. పేటెంటు ఉన్నచోట దాని యజమాని అనుమతి (లైసెన్సు) లేకుండా మరొకరు చేసి అమ్మడానికి లేదు.

ఎల్ఈడీ టార్చికి మూలమైన తెల్ల ఎల్ఈడీ మీద ఇంతకంటే పెద్ద పేటెంటే ఉండేది. నీలి ఎల్ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూసి తెల్ల వెలుగు రాబట్టే పద్ధతిపై జపాన్‌కు చెందిన నిచియా హక్కులు సంపాదించింది. కోర్టు గొడవలు చాలానే నడిచాయి. చివరికి 2002లో పోటీ ఎల్ఈడీ కంపెనీలైన ఓస్రామ్, క్రీ, లూమిలెడ్స్‌లతో విడివిడిగా, ఒకరి పేటెంట్లు ఒకరు వాడుకునే పరస్పర లైసెన్సు ఒప్పందాలు కుదిరాయి. నిచియా అమెరికా పేటెంటు గడువు 2017లో తీరింది. అప్పటివరకూ ఎల్ఈడీలు ఆగలేదు, ఏటేటా మెరుగవుతూనే వచ్చాయి.

కాలర్ ఆగిపోయి, తెల్ల ఎల్ఈడీ ముందుకు సాగిందంటే తేడా మార్కెట్‌లో ఉందని నా అభిప్రాయం. ఫోన్లు, టీవీలు, వీధిదీపాల వ్యాపారం ఎదురుగా ఉన్నప్పుడు, కొట్లాడుకున్న కంపెనీలే రాజీకి వస్తాయి. త్రోయర్లు కొనేవాళ్లు ఎంతమంది? లాయర్ ఫీజుకు కూడా సరిపోని అమ్మకాల కోసం లైసెన్సు మాట్లాడేదెవరు? పేటెంటు కాగితం అందరూ చదవొచ్చు, కిటుకంతా అందులోనే ఉంటుంది. చిన్న తయారీదారు చదివి ఊరుకోవాల్సిందే. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఆ తర్వాత దూరాన్ని పెంచిన లేజర్ పద్ధతి కూడా పెద్ద మార్కెట్ల వెంటే వచ్చింది. నీలి లేజర్‌ను ఫాస్ఫర్ మీద చిన్న చుక్కగా పడేసి తెల్ల వెలుగు తీసే ఈ విద్య ముందు ప్రొజెక్టర్లలో, 2014లో బీఎండబ్ల్యూ ఐ8 హెడ్‌లైట్లలో కనిపించింది. చేతి టార్చిల్లోకి ఆ దశాబ్దం చివర్లో దిగింది. కొన్ని 2 కిలోమీటర్లు దాటుతాయని కంపెనీలు ప్రకటించాయి.

బ్రిటన్, జర్మనీల్లో ఒక ఏర్పాటుంది. అడిగినవాళ్లందరికీ లైసెన్సిస్తానని పేటెంటుదారు ముందే రాసిస్తే, ఏటా కట్టే రుసుము సగానికి తగ్గుతుంది. వాడకుండా మూలన పడున్న ఇలాంటి పేటెంట్లకు ఆ దారి అన్ని దేశాల్లోనూ ఉండాలి.