బ్లూఫిన్ ట్యూనా తరిగిన తీరు, మళ్లీ పెరిగిన తీరు

ప్రియమైన పిల్లలకు,

ఎంత పట్టినా సముద్రంలో చేపలకు కొదవ ఉండదని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం ఎంత చేటు తెచ్చిందో చెప్పడానికి అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనాను మించిన ఉదాహరణ నాకు తోచడం లేదు. విశాఖ రేవులో మన మత్స్యకారులు దించే ట్యూనాలకు ఇది దగ్గరి బంధువే గానీ, బంగాళాఖాతంలో దొరికేది కాదు.

చాలా చేపల ఒళ్లు చుట్టూ ఉన్న నీటంత చల్లగానే ఉంటుంది. బ్లూఫిన్ సంగతి వేరు. జతలుగా ఆనుకుని సాగే దాని సన్నని రక్తనాళాలు, కండరాలలో పుట్టిన వేడి మొప్పల ద్వారా నీటిపాలు కాకుండా తిరిగి లోపలికే మళ్లిస్తాయి. అందువల్లనే అది నార్వే తీరపు చల్లని నీటిలో వేటాడి, గుడ్లు పెట్టడానికి వెచ్చని మధ్యధరా సముద్రానికి ఈదుకుంటూ రాగలుగుతుంది. 1979లో కెనడాలోని నోవా స్కోషియా దగ్గర గాలానికి పడిన ఒక చేప 679 కిలోలు తూగింది.

ఇంత బలమైన ప్రాణికి, గుడ్లు పెట్టే వేళకు గుంపులుగా ఒకచోట చేరే అలవాటే ముప్పు అయింది. స్పెయిన్, సిసిలీ తీరాల జాలర్లు శతాబ్దాలుగా దాని దారికి అడ్డంగా వలలు కట్టి పట్టుకున్నా జాతి నిలిచింది. తరువాత గుంపు మొత్తాన్ని ఒక్కసారిగా చుట్టేసే వలలతో పెద్ద ఓడలు వచ్చాయి. 1990ల నుంచి, పట్టిన చేపలను ప్రాణంతోనే సముద్రంలోని పంజరాలకు తరలించి, కొవ్వు పట్టేదాకా మేపి జపాన్‌కు అమ్మే పద్ధతి వ్యాపించింది. నీటిలోనే వలనుంచి పంజరంలోకి మారిన చేపను తూచేవారెవరు? దొంగ లెక్కలకు అదే అవకాశమిచ్చింది.

నన్ను అన్నిటికన్నా బాధించే విషయం, కాపాడవలసిన సంస్థ అప్పటికే ఉండడం. మాడ్రిడ్ కేంద్రంగా పనిచేసే ఇక్కాట్ అనే అంతర్జాతీయ కమిషన్ అట్లాంటిక్ ట్యూనాల కోసమే ఏర్పడింది. మధ్యధరా, తూర్పు అట్లాంటిక్‌లలో ఏడాదికి 15,000 టన్నులు మించవద్దని దాని శాస్త్రవేత్తలు చెబుతుండగా, సభ్యదేశాలు 2007కు 29,500 టన్నుల కోటా పెట్టుకున్నాయి. నిజంగా పట్టింది 50,000 టన్నులు దాటిందని శాస్త్రవేత్తల అంచనా. 2010లో, ప్రమాదంలో ఉన్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందపు దేశాల దోహా సమావేశంలో, ఈ చేపల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని మొనాకో చేసిన ప్రతిపాదన కూడా ఓడిపోయింది.

ఆ ఒత్తిడి మాత్రం వృథా పోలేదు. 2010 కోటాను 13,500 టన్నులకు దించారు; 30 కిలోల లోపు చేపలను పట్టడంపై, కొన్ని మినహాయింపులతో, నిషేధం అమలు చేశారు; ఓడలపై పరిశీలకులను నియమించి, పంజరాల్లోకి మారే చేపలను వీడియో తీసి లెక్కించారు. మధ్యధరా చేపలు నాలుగేళ్లకే గుడ్లు పెట్టగలవు కనుక త్వరగానే కోలుకున్నాయి, దశాబ్దాల తరువాత నార్వే జలాల్లో మళ్లీ కనిపించాయి. 2021లో, జీవజాతులకున్న ముప్పును అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఈ జాతిని అంతరించే ప్రమాదమున్న వాటి జాబితా నుంచి తప్పించింది.

తూర్పు కోటా 2023లో 40,570 టన్నులకు చేరింది. ఆ అంకె నాకు కొంత భయం కలిగించినా, దాని వెనుకనున్న పద్ధతి ధైర్యమిస్తోంది: చేపలు తగ్గితే కోటా ఎంత తగ్గాలో 2022లోనే సూత్రంగా ఒప్పుకున్నారు, కాబట్టి ఏటా బేరాలాడే పని తగ్గింది. మెక్సికో సింధుశాఖలో గుడ్లు పెట్టే పడమటి గుంపు ఆలస్యంగా ఎదుగుతుంది. దశాబ్దాల కిందటి స్థాయికి అది ఇంకా చేరలేదు. ఆ సూత్రానికి అసలు పరీక్ష అక్కడే జరగాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య